వెనక ఏముందో చూసుకున్నాకే తోవ

తెలుగులో 'బిడారు' అనే చక్కని మాట వొకటి వున్నది. పిల్లల వాచకాల్లో అది ఎడారిలో నడిచే ఒంటెల వరస దగ్గరే ఆగిపోయింది గాని, మా నల్లగొండ, పాలమూరు వాళ్లు బిడారు సంగతి తెలుసుకోవడానికి అంత దూరం వెళ్లనక్కర లేదు. దేవరకొండ నుంచి అమ్రాబాదు దాకా వున్న తండాల్లోని లంబాడీల పూర్వికులు ఎద్దుల వీపుల మీద ఉప్పూ, ధాన్యమూ వేసుకుని దక్కను నాలుగు మూలలా తిరిగినవారే. పదిహేడో శతాబ్దంలో గోలకొండకు వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ బిడారుల్ని చూసి ఆశ్చర్యపోయాడు. వొక్కొక్క దానిలో పదీ పన్నెండు వేల ఎద్దులుండేవట. ఇరుకుదారిలో ఎదురైతే, అవి దాటిపోయేదాకా బండ్లవాళ్లు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట.

ఇందులో గమనించవలసిన సంగతి వొకటి వున్నది. ఆ సరుకంతా ఎద్దు వీపు మీదనే. వీపు మీది బరువు ఎద్దు అడుగు వెంట నడుస్తుంది. వెనక కట్టి లాగే బరువు అట్లా కాదు. దానికి సొంత చక్రాలుంటాయి. సమయం వచ్చినప్పుడు సొంత బుద్ధి కూడా పుడుతుంది.

ఈ ప్రస్తావన ఎందుకు వచ్చిందంటే, మా బావమరిది ఈ మధ్య కారు వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇల్లు వొకటి చేయించాడు. ఇంగ్లండు, అమెరికా దేశాల్లో సెలవులు వస్తే ఇలాంటివి రోడ్ల మీద బారులు తీరుతాయి. మన దగ్గర ఇంకా అరుదు. లోపల రెండు పడకలు, వొక పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీకి పువ్వుల తెర. కార్తీకమాసంలో దానితో నల్లగొండ నుంచి శ్రీశైలం పోవాలని సంకల్పం.

"అమ్మను అండ్లనే పండవెడ్త బావా! మోకాళ్ల నొప్పులకు మంచిగుంటది. పిల్లలు గూడ అండ్లనే ఆడుకుంటరు" అన్నాడు.

"మరి తోవ సంగతి?"

"చూసేదేముంది? దేవరకొండ, డిండి, మన్ననూరు, దోమలపెంట, పాతాళగంగ, సిరిశైలం. ఫోన్ల చూసిన. అన్నిటికన్న దగ్గరి తోవ అదే."

"ఫోనుకు నీ ముందున్న రోడ్డు తెలుసు. నీ వెనక కట్టుకున్న ఇల్లు తెలియదు" అన్నాను.

ఎడ్లబండి తోలిన పెద్దల్ని అడిగితే ఈ విద్యలో సగం చెబుతారు. బండిలో బరువు ఇరుసుకు ముందు కాస్త ఎక్కువ పడాలి. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది తాళ్లు ఎడ్ల గొంతుకు బిగుస్తాయి. ముందు మరీ ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. కారు వెనక ఇంటికీ ఇదే సూత్రం. వెనకభాగం బరువెక్కితే కొక్కెం దగ్గర కారు తోక పైకి లేస్తుంది. కారు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. వేగం పెరిగినకొద్దీ ఇల్లు పాములాగ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మావాడు నీళ్ల డ్రమ్మును వెనక గోడకు ఆనించి పెట్టించాడు. దాన్ని ఇరుసు దగ్గరకు జరిపించడం మా మొదటి పని అయింది.

రెండో సంగతి దిగుడు. కొండ ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే మహా అయితే ఆగిపోతాము. భయమంతా దిగేటప్పుడే. ఎడ్లబండి దిగుతుంటే బరువు కాడి మీదికి నెట్టుకు వస్తుంది. కారునూ అట్లాగే నెడుతుంది. మైళ్ల తరబడి బ్రేకు మీద కాలు వేసి వుంచితే బ్రేకులు వేడెక్కి, సరిగ్గా కావలసినప్పుడు పట్టు వదిలేస్తాయి. అందుకనే అనుభవం వున్న డ్రైవర్లు, ఏ గేరులో కొండ ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలంటారు. ఇంజనే బండిని వెనక్కు పట్టి వుంచుతుంది. బ్రేకు మాటిమాటికీ కాదు, అవసరానికి.

మూడోది మలుపు. కారు తిరిగినంత వెడల్పుగా వెనక ఇల్లు తిరగదు. లోపలివైపుకు కోసుకు వస్తుంది. ఎదురుగా బస్సు వస్తే మరీ చిక్కు. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. దారి ఇవ్వాలంటే వెనక్కు నడపాలి. వెనక్కు నడిపేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ఇల్లు ఎడమకు పోతుంది. ఖాళీ మైదానంలో పది రోజులు సాధన చేయనివాడు ఈ విద్యను లోయ అంచున నేర్చుకోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, వెనక ఇంట్లో మనుషులు కూర్చోకూడదు. మా జిల్లా వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. 2018 ఏప్రిల్‌లో పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, అదే జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర, కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. రెండుచోట్లా కలిపి ఇరవైమందికి పైగా పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అక్కడ ఘాటు లేదు, లోయ లేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు దిగుతూ, కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవైమందికి పైగా చనిపోయారు. ట్రాలీ అయినా, పువ్వుల తెర కట్టిన ఇల్లయినా, కొక్కెం వెనక వున్నవారి చేతిలో స్టీరింగూ వుండదు, బ్రేకూ వుండదు.

ఇక తోవలు. కాగితం మీద గీసి చూశాము. దగ్గరి తోవ డిండి మీదుగా 765వ నంబరు జాతీయ రహదారి. మన్ననూరు దాటితే అమ్రాబాదు పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా గేటు మూసి వుంటుంది. కనుక బయలుదేరే వేళ కూడా తోవలో భాగమే. ఈగలపెంట తరువాత రోడ్డు మలుపులు తిరుగుతూ ఆనకట్ట దిగువన కృష్ణ మీది వంతెన దాకా దిగుతుంది. మళ్లీ అవతలి గట్టున సున్నిపెంట వైపు ఎక్కుతుంది. రెండో తోవ నాగార్జునసాగరు దగ్గర కృష్ణ దాటి మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా. ఆ లోతైన దిగుడు తప్పుతుంది గాని దూరం పెరుగుతుంది; దోర్నాల నుంచి శ్రీశైలం దాకా మళ్లీ ఘాటే. పాలమూరు నుంచి కర్నూలు, ఆత్మకూరు మీదుగా పోయేవారు కూడా చివరికి ఆ దోర్నాలకే చేరాలి. ఏ తోవన పోయినా నల్లమలను తప్పించుకుని మల్లన్నను చూడలేము.

"అయితే ఇల్లు ఎందుకు చేయించినట్టు బావా?" అని మావాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏ తోవ అని కాకుండా, ఎక్కడిదాకా అని అడుగు" అన్నాను.

కొక్కెం ఎక్కడ విప్పాలో తేలితే తోవ తేలినట్టే. అచ్చంపేటలో మాకు చుట్టాలున్నారు, పెద్ద వాకిలి. అక్కడిదాకా ఘాటు లేదు. పగటిపూట, నెమ్మదిగా, మా అత్తగారు కారులో ముందు సీటులో, పిల్లలు వెనక సీటులో కూర్చుని వెళ్లారు. ఆ రాత్రి పిల్లలు చక్రాల ఇంట్లో పడుకుని, తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్నారు. తెల్లవారి ఇంటిని ఆ వాకిట్లోనే వదిలి, అందరూ ఆర్టీసీ బస్సెక్కి కొండకు పోయారు. నిత్యమూ ఆ మలుపులు తిరిగే డ్రైవరు కంటే మంచి తోవ ఎవరికి తెలుసు?

మీరూ ఇలాంటి ప్రయాణం తలపెడితే, ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. పోయే తోవలో అతి పెద్ద దిగుడు ఎక్కడ? చీకటి పడేవేళకు ఎక్కడ వుంటాము? బండి విప్పి నిలపడానికి చోటు ఎక్కడ? ఈ మూడింటికీ జవాబు దొరకకపోతే అది ఎంత దగ్గరి తోవ అయినా మనది కాదు.

తిరిగి వచ్చాక మా అత్తగారిని కొడుకు అడిగాడట, "ఇల్లు కొండదాక వస్తే మంచిగుండేది గదనే అమ్మా?" అని.

"ఇల్లు వాకిట్ల వున్నంతసేపే ఇల్లు కొడుకా. కొండెక్కితె అది బరువు" అన్నదట ఆవిడ.