అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, దాచిపెట్టడమే తప్పు



పోయిన నెల కోదాడ యౌవనస్తుల కూడికలో ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, సినిమావాళ్ళు వేరే భాష సినిమా చూసి కథ తీసుకుంటరు కదా, అది దొంగతనం కిందికి వస్తదా?" అందరూ నవ్వారు. మేము మాత్రం సూర్యాపేట చేరేదాకా ఆ ప్రశ్ననే ఆలోచిస్తూ వచ్చాము.

మన పెద్దలు మెచ్చిన పాత సినిమాలనే చూడండి. 1953 నాటి 'దేవదాసు'కు మూలం శరత్ చంద్ర గారి బెంగాలీ నవల. 1955 నాటి 'మిస్సమ్మ'కు మూలం 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకం. 1962 నాటి 'గుండమ్మ కథ' అంతకు నాలుగేళ్ళ ముందు విఠలాచార్య గారు కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు' నుండి వచ్చింది. అయినా సూర్యకాంతం గారిని చూసి, ఈమె కన్నడ గుండమ్మ అని ఎవరైనా అంటారా? మన వాడకట్టులో ఉండే మనిషిలాగే ఉంటుంది. అంతెందుకు, 1978లో వచ్చిన 'కరుణామయుడు' కథ సువార్తలలోనిదే కదా.

కాబట్టి అరువు తెచ్చుకోవడమే పాపమని మేము అనము. మిర్యాలగూడ మిల్లులను చూడండి. వడ్లు రైతువి, వాటిని బియ్యం చేసేది మిల్లు. మిల్లు పడిన కష్టమూ కష్టమే. కానీ రైతుకు పైసలు ఇవ్వకుండా, "ఈ వడ్లు నా పొలంలోనే పండినయి" అంటే దానిని ఏమనాలి?

1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు, ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, దానిని చెప్పిన తీరు మీదనే ఉంటుందని తీర్పు ఇచ్చింది. తన నాటకాన్ని సినిమాగా తీశారని కోర్టుకు వెళ్ళిన రచయిత ఓడిపోయాడు. చట్టం గీత అక్కడ గీసింది. మనస్సాక్షి గీత ఇంకా ముందే ఉంటుంది. రాసినవాని పేరు తీసేస్తే అతని కూలి కూడా పోతుంది. ఎనిమిదవ ఆజ్ఞ అక్కడికీ వర్తిస్తుంది.

వాక్యము ఏమి చూపిస్తుంది? లూకా తన సువార్త మొదట్లోనే, తనకంటే ముందు అనేకులు రాయపూనుకున్నారని ఒప్పుకున్నాడు. పౌలు ఏథెన్సులో కవుల మాట వాడుకొని, అది మీ కవులదేనని చెప్పాడు. కానీ యిర్మీయా 23వ అధ్యాయములో, ఒకరి దగ్గర ఒకరు మాటలు దొంగిలించే ప్రవక్తలకు తాను విరోధినని దేవుడు అంటున్నాడు. ఆ హెచ్చరిక సినిమావాళ్ళకు కాదు, మాలాంటి బోధకులకు.

మా సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక గృహకూడికలో, యూట్యూబులో విన్న సాక్ష్యమును మా జీవితంలో జరిగినట్టే చెప్పాము. కూడిక అయ్యాక ఒక ముసలి తల్లి దగ్గరికి వచ్చి, "అయ్యా, ఫోన్ల ఇంకో అయ్యగారికి కూడ గిట్లనే జరిగిందట. దేవుడు ఎంత గొప్పోడు!" అన్నది. ఆమె మమ్మల్ని అనుమానించలేదు. అదే మమ్మల్ని పొడిచింది. వచ్చే ఆదివారము సంఘము ముందు నిలబడి నిజము ఒప్పుకున్నాము. ఎవరూ మమ్మల్ని తక్కువగా చూడలేదు.

కాబట్టి తమ్ముడా, మా జవాబు ఇది: ఎవరి దగ్గర తీసుకున్నావో చెప్పు, ఇవ్వవలసినది ఇవ్వు, దానికి నీ కష్టము కలుపు. మన పిల్లలు సినిమా బాణీకి క్రైస్తవ పాట కట్టి, స్వరకల్పన అని తమ పేరు వేసుకుంటున్నారు. ముందు దానిని మానుకుందాము. మన ఇల్లు సరిచేసుకున్నాకే సినిమావాళ్ళ సంగతి మాట్లాడుదాము.

సమస్తమును సృష్టించినవాడు దేవుడొక్కడే. మన చేతిలో ఉన్నదంతా పొందినదే. అది ఒప్పుకునే ధైర్యము ఆయన మనకిచ్చును గాక. ఆమేన్.