పొట్లంతో తీరని లోటు

ఒంటినొప్పులు, నీరసం, జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం, మనసు కుంగిపోవడం వంటి బాధలతో తిరుపతి, చిత్తూరు పట్టణాలలో వైద్యుని దగ్గరికి వెళ్లిన మనిషికి డి విటమిన్ పరీక్ష రాయడం, ఫలితం తక్కువగా రావడం, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి పొట్లం పాలలో కలుపుకొని తాగమనడం ఇవాళ ఆచారంగా స్థిరపడింది. ఈ ఆచారానికి ఆధారమైన అభిప్రాయం సూటిగా ఉంటుంది: దేశమంతటా డి విటమిన్ కొరత ఉంది, అనేక బాధలకు అదే మూలం, పొట్లం మింగితే కొరత తీరుతుంది, కొరత తీరితే బాధలు పోతాయి. నాలుగు మెట్లున్న ఈ వాదంలో మొదటి మెట్టుకు సాక్ష్యంగా తిరుపతిలో జరిగిన పరిశోధననే చూపుతుంటారు. అయితే ఆ పరిశోధన నుంచి కొరత శాతాలను మాత్రం తీసుకొని, కొరతకు అది చూపిన కారణాలను వదిలేయడం వల్లనే మిగిలిన మూడు మెట్లు నిలబడుతున్నాయి. అందుచేత ఆ పరిశోధనను మొత్తంగా చదవవలసి ఉంది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే జనవ్యవహారంలో స్విమ్స్‌లో, అంతఃస్రావ గ్రంథుల శాస్త్రవేత్త సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు 2000 తర్వాతి దశాబ్దంలో పట్టణవాసులను, చుట్టుపక్కల గ్రామస్థులను పరీక్షించి వరుసగా పత్రాలు ప్రచురించారు. చర్మంలో తయారైన లేదా ఆహారంతో వచ్చిన డి విటమిన్‌ను కాలేయం 25-హైడ్రాక్సీ విటమిన్ డి అనే రూపంలోకి మారుస్తుంది. రక్తంలో తిరిగే నిల్వరూపం ఇదే కాబట్టి పరీక్షలో కొలిచేదీ దీన్నే. మిల్లీలీటరు రక్తద్రవంలో ఇది 20 నానోగ్రాములకు తక్కువైతే లోపమని లెక్కగట్టినప్పుడు పట్టణ పురుషులలో 62 శాతం, పట్టణ స్త్రీలలో 75 శాతం, గ్రామీణ పురుషులలో 44 శాతం, గ్రామీణ స్త్రీలలో 70 శాతం ఆ గీతకు దిగువన ఉన్నట్టు తేలింది. పత్రికలలోనూ ప్రయోగశాలల ప్రకటనలలోనూ ప్రచారానికి అక్కరకొచ్చేవి ఇటువంటి అంకెలే.

ఈ నాలుగు అంకెలలో ఎక్కువసేపు ఆగి చూడవలసినది గ్రామీణ పురుషులకు సంబంధించిన 44. పరిశోధకులు ఎంచుకున్న గ్రామస్థులు పొలం పనివారు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు ముఖం, చేతులు, కాళ్లు, వీపు, ఛాతీ ఎండకు తగిలేలా పనిచేసేవారు. చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాల చేలలో ఏడాది పొడవునా దొరికే ఎండ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఎండ తగలకపోవడమే కొరతకు కారణమైతే ఈ మనుషులకు కొరత ఉండకూడదు. పొలానికి పోయే స్త్రీలు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కొని తలకు గుడ్డ చుట్టుకుంటారు కాబట్టి వారి 70 శాతంలో కొంత భాగానికి ఆ వేషం సమాధానం కావచ్చు. చొక్కా విప్పి నాగలి పట్టిన పురుషుని విషయంలో ఆ సమాధానం చెల్లదు. నగర జీవితం, ఏసీ గదులు, ఇంటి పట్టున ఉండడం వంటి కారణాలు చెప్పి సరిపెట్టుకునే వాదం ఇక్కడే ఆగిపోతుంది.

ఈ చిక్కుముడికి తిరుపతి బృందం సూచించిన జవాబు తినే కంచంలో ఉంది. ఆ పరిశోధన రక్తంతోపాటు ఆహారాన్నీ లెక్కించింది. భారత వైద్య పరిశోధన మండలి అప్పటికి పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం చాలని చెబుతుండేది. అంత తక్కువ కొలతకు కూడా పట్టణవాసుల ఆహారం, గ్రామస్థుల ఆహారం రెండూ అందలేదు, గ్రామస్థులదైతే మరీ తక్కువ. పైగా ఆ కొద్దిపాటి కాల్షియానికి ఫైటేట్ అడ్డుపడుతున్నదని వారు గుర్తించారు. ఫైటేట్ అంటే ధాన్యాలూ పప్పులూ తమ గింజలలో భాస్వరాన్ని దాచుకునే రూపం. అది పేగులో కాల్షియాన్ని పట్టుకొని ఒంటికి అందకుండా బయటికి పంపేస్తుంది. కాల్షియంతో పోల్చినప్పుడు ఫైటేట్ నిష్పత్తి పట్టణం కంటే పల్లెలోనే అధికంగా కనిపించింది.

కాల్షియం చాలకపోతే డి విటమిన్ ఎందుకు తగ్గాలనే ప్రశ్నకు అంతకు ముందే ప్రయోగశాలలో ఒక జవాబు దొరికింది. ఆహారంలో కాల్షియం చాలనప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును ఎక్కువగా వదులుతాయి. ఆ హార్మోను ప్రేరణతో మూత్రపిండాలు డి విటమిన్‌ను దాని చురుకైన రూపంలోకి ఎక్కువగా మారుస్తాయి. ఆ చురుకైన రూపం పెరిగినకొద్దీ నిల్వరూపం కాలేయంలో తొందరగా విరిగిపోయి బయటికి పోతుంది. క్లెమెంట్స్, జాన్సన్, ఫ్రేజర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1987లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అంటే కాల్షియం లేని కంచం ఎండ ఇచ్చినదాన్ని కూడా ఖర్చు చేసేస్తుంది. ఎలుకలో రుజువైనది మనిషిలో అదే మోతాదులో జరుగుతుందని ఎవరూ పందెం కట్టనవసరం లేదు. అయినా ఎండలో పనిచేసే మనిషి నెత్తురులో ఎండ విటమిన్ ఎందుకు తక్కువన్న ప్రశ్నకు ఇంతకంటే పొందికైన వివరణను పొట్లం పక్షం ఇంతవరకు ఇవ్వలేదు. కారుతున్న కుండకు పైనుంచి నీళ్లు పోయమనడమే వారానికొక పొట్లం రాయడమంటే. చిల్లి ఎక్కడుందో తిరుపతి పరిశోధన వేలు పెట్టి చూపింది.

ఈ సీమకు ఆ చిల్లి పూర్వం నుంచీ ఉన్నదేనా అన్నది చర్చించదగిన విషయం. రాగి సంగటి ఈ ప్రాంతానికి వారపు విందు కాదు, ఒకప్పుడు రోజూ తిన్న తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే బరువున్న పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తగ్గించిన మాట కాదనలేనిది, కాదనకూడనిది. కానీ చౌకగా దొరికిన ఆ వరి అన్నం సంగటి ముద్దను పక్కకు నెట్టిన కాలంలో కంచంలోంచి ఏం తగ్గిపోతున్నదో కొలిచి చెప్పే బాధ్యత వైద్య వ్యవస్థ తీసుకోలేదు. రాగులలోనూ ఫైటేట్ ఉందని, అందుచేత వాటి కాల్షియం అంకెను ఉన్నదున్నట్టు నమ్మరాదని పొట్లం పక్షం అనవచ్చు. ఆ మాట నిజమే. అయితే నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం అనే మూడు పనులూ ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైములకు, అంటే రసాయన మార్పును వేగిరపరచే ప్రోటీన్లకు, అవకాశమిస్తాయి. రాత్రి పులిసిన అంబలిలో పొద్దున మజ్జిగ కలుపుకొని తాగడం, మొలకెత్తిన రాగులను ఎండబెట్టి పిండి చేసుకోవడం ఈ ప్రాంతపు ఇళ్లలో తరాలుగా తెలిసిన పద్ధతులు. పాడికి పేరుపొందిన ఈ ప్రాంతంలో పూట పూటకూ డెయిరీకి పోసే పాలలో ఇంటి పిల్లలకు ఎన్ని మిగులుతున్నాయన్నది కూడా ఈ లెక్కలో చేరవలసిన ప్రశ్నే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దల కాల్షియం సిఫారసును రోజుకు 1000 మిల్లీగ్రాములకు పెంచింది. అంటే కంచానికీ అవసరానికీ ఉన్న దూరం కాగితం మీద ఇంకా పెరిగింది, మందుల చీటీలో మాత్రం దాని ప్రస్తావన అరుదు.

ప్రచారంలో ఉన్న మరొక మాట, ఉదయపు లేత ఎండలో కాసేపు నిలబడితే డి విటమిన్ వస్తుందన్నది. నడక బృందాలలో, ఆరోగ్య శీర్షికలలో, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఎండ చూపే ఇళ్లలో ఇది తిరుగులేని సత్యంగా చలామణి అవుతోంది. దీనికి జవాబు కూడా తిరుపతిలోనే దొరికింది. హరినారాయణ్ బృందం, డి విటమిన్ పరిశోధనలో ప్రసిద్ధుడైన అమెరికా శాస్త్రవేత్త మైకేల్ హోలిక్‌తో కలిసి, 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థాన్ని చిన్న గాజు ఆంపూళ్లలో నింపి తిరుపతి ఎండలో వేర్వేరు గంటలలో ఉంచి, అందులో ఎంత భాగం మార్పు చెందిందో కొలిచి 2013లో ప్రచురించింది. మనిషి చర్మంలో ఎండకు డి విటమిన్‌గా మారే పదార్థం అదే కాబట్టి ఆంపూలు ఇక్కడ చర్మానికి ప్రతినిధి. మార్పు గరిష్ఠంగా జరిగిన వేళ పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని తేలింది. ఆ మార్పును కలిగించేవి అతినీలలోహిత కిరణాలలో బి రకానివి. ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు ఓజోన్ పొరలో ఎక్కువ దూరం ప్రయాణించి చాలావరకు అక్కడే ఇంకిపోతాయి. నీడ మనిషి ఎత్తుకంటే పొడవుగా ఉన్నంతసేపు చర్మంలో తయారయ్యేది స్వల్పమని స్థూలంగా గుర్తుపెట్టుకోవచ్చు. కిటికీకి వాడే మామూలు అద్దం కూడా ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనుక కూర్చుంటే వెచ్చదనమే దక్కుతుంది. లేత ఎండ హాయినిస్తుంది, నడక గుండెకు మంచిది. డి విటమిన్ పేరు చెప్పి దాన్ని సిఫారసు చేయడం మాత్రం సొంత ఊళ్లో జరిగిన ప్రయోగాన్ని చదవకపోవడమే. వైశాఖ మాసంలో మిట్టమధ్యాహ్నం ఎవరూ ఎండన పడి వడదెబ్బ తెచ్చుకోనక్కరలేదు. కార్తీకం నుంచి మాఘం వరకు పదకొండు గంటల ఎండను కొద్ది నిమిషాలు భరించడం ఇక్కడి ఒంటికి కష్టమేమీ కాదు.

కొరత ఎంతమందిలో ఉందన్న లెక్క కూడా గీత ఎక్కడ గీశారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010 చివరలో విడుదల చేసిన నివేదికలో 20 నానోగ్రాములను దాదాపు అందరి అవసరాలనూ తీర్చే స్థాయిగా పేర్కొన్నది. సగం మంది అవసరం 16 నానోగ్రాముల దగ్గరే తీరిపోతుంది. అందరికీ సరిపడే పైమెట్టును తీసుకొని, దానికి దిగువనున్న ప్రతివారినీ రోగిగా లెక్కించడం గణాంకాలను తలకిందులుగా చదవడమేనని ఆ నివేదిక రూపకర్తలలో కొందరు 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరించారు. 30 నానోగ్రాముల గీతను 2011లో ప్రతిపాదించిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఆ గీతను తానే వదులుకుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ పరీక్షను మామూలుగా చేయవద్దని కూడా సూచించింది. తిరుపతి అంకెలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 44 శాతం మంది గీతకు దిగువన ఉన్నారనడం 44 శాతం మంది జబ్బుపడ్డారనడంతో సమానం కాదు.

అన్నిటికంటే నష్టం చేస్తున్నది మనసుకూ ఈ విటమిన్‌కూ ముడిపెట్టే వాదం. కుంగుబాటు ఉన్నవారిలో డి విటమిన్ తక్కువగా కనిపిస్తుందని అనేక పరిశీలనలు చెప్పిన మాట వాస్తవమే. అయితే కుంగుబాటులో ఉన్న మనిషి ఇల్లు కదలడు, సరిగా తినడు. ఫలితంగా డి విటమిన్ తగ్గుతుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది పరిశీలనతో తేలదు. కొందరికి విటమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది అందిందో ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ తెలియకుండా ఏళ్ల తరబడి గమనించే పరీక్షతోనే తేలుతుంది. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ అనే అటువంటి పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు వాడినా క్యాన్సర్లు, గుండెజబ్బులు తగ్గలేదు; అందులోని 18,353 మంది మానసిక స్థితిని గమనించి 2020లో ప్రకటించిన ఫలితాలలో కుంగుబాటు తగ్గలేదు; 2022లో ప్రకటించిన ఫలితాలలో ఎముకలు విరగడమూ తగ్గలేదు. ఆ అమెరికన్లకు మొదటినుంచీ కొరత లేదు కదా, కొరత ఉన్నవారికి ఫలితం ఉండేది కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. దానికి మంగోలియా కొంతవరకు జవాబిస్తుంది: దాదాపు అందరూ 20 నానోగ్రాములకు దిగువనే ఉన్న 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్లు వారానికి 14,000 యూనిట్లు ఇచ్చి చూస్తే రక్తంలో అంకె పెరిగింది, క్షయ సోకడం మాత్రం తగ్గలేదని 2020లో వెల్లడైంది. అంకెను సరిచేయడం ఒకటి, మనిషిని బాగుచేయడం మరొకటి.

ఎక్కువైతే పోయేదేముందన్న ధీమా కూడా నిలవదు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి ఇది ఒంట్లో పేరుకుంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీలలో కొందరికి ఏడాదికొకసారి 5,00,000 యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూస్తే, వారు కింద పడడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగినట్టు 2010లో బయటపడింది. ఇదంతా ఈ మందే వద్దనడానికి చెప్పడం లేదు. రికెట్స్‌తో కాళ్లు వంగిన పిల్లలకు, ఎముకలు మెత్తబడిన పెద్దలకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, మూర్ఛ మందులు ఏళ్ల తరబడి వాడేవారికి డి విటమిన్ అవసరమైన చికిత్స. వైద్యుని పర్యవేక్షణలో అది అందవలసిందే. ఖండించవలసినది, నీరసపడిన ప్రతి స్త్రీనీ ఆ కోవలో చేర్చడాన్ని. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. చేనులోనూ ఇంట్లోనూ రెండు పూటల చాకిరీ చేసి అలసిపోయిన మనిషికి చవకైన హిమోగ్లోబిన్ పరీక్ష చేయకుండా, నిద్ర ఎలా పడుతోంది, ఇంట్లో ఏం జరుగుతోంది అని అడగకుండా, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన డి విటమిన్ పరీక్ష రాసినప్పుడు ఆమె డబ్బే కాక, తన బాధను చెప్పుకోవడానికి దొరికిన ఒక్క అవకాశమూ పోతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు పిల్లలకు బెల్లం కలిపిన రాగిజావ పోయడం మొదలైంది. తిరుపతి పరిశోధన చూపిన రెండు కారణాలలో ఒకదానికి, ఆ పరిశోధన పేరెత్తకుండానే, దొరికిన జవాబు ఇది. ఆ పిండిని మొలకెత్తించిన రాగులతో పట్టిస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. రెండో కారణం, అంటే సరైన వేళ ఎండ తగలకపోవడం, బడి గంటల పట్టికలో ఉంది. ప్రార్థన వేళకు పిల్లలు నిలబడేది తొమ్మిది గంటల లేత ఎండలో, ఆటలకు వదిలేది సాయంత్రం వాలిన ఎండలో. ఆంపూళ్లలోని పదార్థం చురుకుగా మారిన 11 నుంచి 2 గంటల వరకు వారుండేది నాలుగు గోడల మధ్య. చలికాలపు నెలలలో ఆటల పీరియడును పదకొండు గంటలకు జరపడానికి ఏ ప్రయోగశాలకూ రుసుము కట్టనక్కరలేదు. మండల విద్యాధికారి సంతకం చేసిన ఒక్క ఉత్తర్వు చాలు.