వూండెడ్ నీ: హంతకుల పతకాలు, లకోటాల జ్ఞాపకం

2025 సెప్టెంబరు చివర్లో అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ ఒక వీడియో ప్రకటన చేశారు. 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలపై కాల్పులు జరిపిన సైనికులకు ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ పతకాలను వెనక్కి తీసుకునేది లేదన్నారు. వారిని వీరులని పొగిడి, ఈ విషయంపై ఇక చర్చ అనవసరమని తేల్చేశారు. అమెరికా సైన్యంలో అంతకు మించిన శౌర్య పతకం లేదు. ఆ రోజు 'శౌర్యాని'కి దాన్ని అందుకున్నవారు సుమారు 20 మంది. గత ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా ఉన్న లాయిడ్ ఆస్టిన్ 2024 జూలైలో ఈ పతకాలపై సమీక్షకు ఆదేశించారు. లకోటా తెగల దశాబ్దాల పోరాటం వల్లే ఆ సమీక్ష వచ్చింది. దాని ఫలితం ఇది.

135 ఏళ్ల కిందటి పతకాల గొడవ మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. హంతకుడికి సన్మానం, బాధితుడికి మౌనం అనే నీతి ఏ దేశంలో అమలైనా దాన్ని గుర్తుపట్టగలిగిన వాళ్లం కాబట్టి మేము ఈ సంగతి రాస్తున్నాం.

ఆ రోజు ఏం జరిగింది

మొదట పేరు గురించి. 'సూ' అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను తాము లకోటాలని పిలుచుకుంటారు. మిత్రులు అని దాని అర్థం. ఇతరులు తగిలించిన పేరును మోయడం ఎంత బరువో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

1889లో అమెరికా కాంగ్రెస్ లకోటాల రిజర్వేషన్‌ను ముక్కలు చేసి లక్షల ఎకరాలు లాక్కుంది. ఆ వెంటనే రేషన్ తగ్గించింది. అడవిదున్నలను అప్పటికే తెల్లవాళ్లు మందలకు మందలు చంపేశారు. ఆకలి, జబ్బులు మిగిలాయి. ఆ సమయంలో నెవాడాలోని పయూట్ తెగకు చెందిన వొవోకా బోధించిన గోస్ట్ డాన్స్ లకోటాల దాకా వచ్చింది. చనిపోయిన పూర్వీకులు తిరిగొస్తారు, దున్నలు తిరిగొస్తాయి, దోపిడీ లేని లోకం వస్తుంది అన్నది ఆ నమ్మకం. కొట్లాడవద్దనే వొవోకా చెప్పాడు. కానీ ఆకలితో ఉన్నవాళ్లు గుండ్రంగా చేరి నాట్యం చేయడమే ప్రభుత్వానికి తిరుగుబాటుగా కనిపించి, సైన్యాన్ని దింపింది.

డిసెంబరు 15న సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి వెళ్లిన ఏజెన్సీ పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు. పాలకులు యూనిఫాం తొడిగించిన ఆ పోలీసులూ ఆ జాతి వాళ్లే. భయపడిన బిగ్ ఫుట్ బృందం, సుమారు 350 మంది, పైన్ రిడ్జ్ వైపు బయల్దేరింది. నాయకుడికి న్యుమోనియా. సెవెంత్ కావల్రీ దళం వాళ్లను వూండెడ్ నీ వాగు దగ్గర ఆపింది. 29వ తేదీ ఉదయం ఆయుధాలు తీసుకుంటుండగా ఒక తుపాకీ పేలింది. ఆ వెంటనే గుట్ట మీది హాచ్‌కిస్ ఫిరంగులు గుడారాల మీద గుళ్ల వర్షం కురిపించాయి. చనిపోయినవారు 150 నుంచి 300 మంది దాకా ఉంటారని అంచనాలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. 146 మృతదేహాలను ఒకే గోతిలో పూడ్చారు.

ఇది ఊచకోతేనని అప్పటి సైన్యాధికారి జనరల్ నెల్సన్ మైల్స్ స్వయంగా రాశాడు. కాల్పులు జరిపిన దళం అధిపతిని పదవి నుంచి తప్పించి విచారణ పెట్టాడు. వాషింగ్టన్ మాత్రం ఆ అధిపతిని నిర్దోషిగా తేల్చి, తర్వాత పదోన్నతి కూడా ఇచ్చింది. అక్కడి బోర్డు మీద చాలాకాలం 'యుద్ధం' అనే ఉండేది. ఆ మాటపై మరో పలక బిగించి 'ఊచకోత' అని మార్చారు. 1990లో కాంగ్రెస్ విచారం ప్రకటించింది కానీ పతకాలను తాకలేదు.

అమ్మకానికి లేని కొండలు

లకోటాల జ్ఞానం గురించి మాట్లాడేవాళ్లు తరచూ 'మితాకుయే ఒయాసిన్' అనే మాట చెబుతారు. అందరూ నా బంధువులే అని దాని భావం. ఆ 'అందరిలో' మనుషులే కాదు, దున్న, నది, గడ్డి, రాయి కూడా ఉంటాయి. వినడానికి ఇది గోడకు అంటించుకునే సూక్తిలా ఉంటుంది. దాని అసలు అర్థం ఒక కోర్టు కేసులో తెలుస్తుంది.

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం బ్లాక్ హిల్స్ లకోటాలవని ఒప్పుకుంది. వయోజన పురుషుల్లో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేస్తే తప్ప భూమి బదిలీ చెల్లదని రాసుకున్నారు. 1874లో అక్కడ బంగారం ఉందని తెలిసింది. 1877లో పదో వంతు మంది సంతకాలతోనే కాంగ్రెస్ ఆ కొండలను లాగేసుకుంది. వాళ్ల భాషలో 'ఆరుగురు తాతలు' అని పిలిచే కొండ మీద 1927 నుంచి 1941 దాకా నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కారు. లోకమంతా దాన్ని మౌంట్ రష్‌మోర్‌గా చూసి మురుస్తోంది.

1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ భూమిని తగిన పరిహారం ఇవ్వకుండా తీసుకున్నారని తేల్చింది. వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. లకోటాలు తీసుకోలేదు. ఖజానాలో ఆ సొమ్ము పెరిగి ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. పైన్ రిడ్జ్ అమెరికాలోని అత్యంత పేద ప్రాంతాల్లో ఒకటి. అయినా ఆ డబ్బు ముట్టుకోలేదు. బంధువుకు వెలకట్టి అమ్మలేం కదా! మా దృష్టిలో లకోటాల ఆధ్యాత్మికతకు ఇంతకు మించిన వ్యాఖ్యానం లేదు. అది ఈ లోకాన్ని వదిలి పారిపోయే ఆధ్యాత్మికత కాదు, భూమి మీద హక్కును వదులుకోని రాజకీయం.

పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే 1883 నుంచి సన్ డాన్స్‌ను నేరంగా ప్రకటించారు. 1879లో తెరిచిన కార్లైల్ బోర్డింగ్ స్కూలుకు లకోటా పిల్లలను తీసుకెళ్లి జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, భాష మాన్పించారు. అక్కడే చనిపోయిన తొమ్మిది మంది పిల్లల అవశేషాలు రోజ్‌బడ్‌కు చేరింది 2021లో. ఇలాంటి స్కూళ్లలో దేశవ్యాప్తంగా కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024లో ప్రభుత్వ నివేదికే చెప్పింది. మత స్వేచ్ఛకు చట్టరక్షణ వచ్చింది 1978లో.

నిషేధం పోయాక వ్యాపారం వచ్చింది. వాళ్ల ప్రార్థనలను, చెమట గుడారాలను టికెట్ పెట్టి అమ్మేవాళ్లు తయారయ్యారు. 1993లో లకోటాలు ఈ దోపిడీదారుల మీద యుద్ధం ప్రకటిస్తూ తీర్మానం చేశారు. 2009లో అరిజోనాలో ఒక వ్యక్తిత్వ వికాస గురువు వేల డాలర్లు వసూలు చేసి నడిపిన అలాంటి శిబిరంలో ముగ్గురు చనిపోయారు. గాయం సంగతి ఎత్తకుండా జ్ఞానాన్ని మాత్రం కొనుక్కునే ప్రేమ ఇది.

నీళ్లు, పైపులైను

ఇదంతా గతం కాదు. మిస్సోరి నది మీద ఓహీ ఆనకట్ట కట్టినప్పుడు స్టాండింగ్ రాక్, షయెన్ రివర్ రిజర్వేషన్లలో లక్షకు పైగా ఎకరాలు మునిగిపోయాయి. అదే జలాశయం కింద నుంచి డకోటా యాక్సెస్ చమురు పైపులైను వేశారు. మొదట బిస్మార్క్ నగరానికి దగ్గరగా మరో దారిని పరిశీలించారు. నగరం తాగునీటికి ప్రమాదమన్నది ఆ దారిని వదిలేయడానికి ఒక కారణం. రిజర్వేషన్ తాగునీటికి ఆ జాగ్రత్త దక్కలేదు. 2016లో 'నీళ్లే ప్రాణం' అంటూ వేలమంది శిబిరాలు వేశారు. గడ్డకట్టే చలిలో వాళ్ల మీద నీటి ఫిరంగులు ప్రయోగించారు. 2017 నుంచి చమురు పారుతూనే ఉంది. ఆ ఉద్యమం విషయంలో కంపెనీ వేసిన దావాలో గ్రీన్‌పీస్ 66 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2025 మార్చిలో నార్త్ డకోటా జ్యూరీ చెప్పింది. తర్వాత న్యాయమూర్తి దాన్ని దాదాపు సగానికి తగ్గించారు.

మనం ఏం నేర్చుకోవాలి

కులాన్నీ వలస ఆక్రమణనూ ఒకే గాటన కట్టలేం. లకోటాలకు ఒప్పందాలున్న ఒక జాతిగా పోరాడే దారి ఉంది. మనది ఊరి లోపల, వెలివాడ నుంచి సాగే పోరాటం. కానీ రాజ్యం జ్ఞాపకాన్ని ఎలా నడిపిస్తుందో పోల్చి చూడవచ్చు. దళితుల మీద దాడి జరిగిన ప్రతిసారీ 'ఇరువర్గాల ఘర్షణ' అనే మాట ముందు పుడుతుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. చుండూరు దళితులు తమ వాళ్లను ఊరి నడుమే పాతిపెట్టి ఆ చోటును రక్తక్షేత్రమన్నారు. తీర్పు ఏం చెప్పినా ఆ సమాధులు సాక్ష్యం చెబుతూనే ఉంటాయి.

లకోటా పరిశోధకురాలు మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ దీనికి 'చారిత్రక గాయం' అని పేరు పెట్టారు. సామూహిక హింస ఒక తరంతో ఆగదని, ఏడవడానికి కూడా అనుమతి లేని దుఃఖం తరువాతి తరాల శరీరాల్లోకి, కుటుంబాల్లోకి దిగుతుందని ఆమె వాదన. మానాలంటే ముందు జరిగింది చెప్పుకోవాలి, కలిసి ఏడవాలి. మన విశ్వవిద్యాలయాల్లో కుల హింసను అధ్యయనం చేసే విద్యార్థులు ఈ పనిని చదవాలని మేము కోరుతున్నాం. కేసుల లెక్కలు, శిక్షల శాతాలు చూసే మన పరిశోధన, బతికి బయటపడ్డవాళ్ల పిల్లలు ఏం మోస్తున్నారో ఇంకా సరిగా అడగలేదు.

1986 నుంచి ప్రతి డిసెంబరులో లకోటాలు గుర్రాల మీద బిగ్ ఫుట్ నడిచిన దారిలోనే వూండెడ్ నీకి వెళ్తున్నారు. 2022లో ఓగ్లాలా, షయెన్ రివర్ తెగలు కలిసి ఆ స్థలంలో 40 ఎకరాలు కొనుక్కున్నాయి. తమ వాళ్లు నెత్తురోడ్చిన నేలను తామే డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. చర్చ ముగిసిందని మంత్రి అన్నారు. మంచులో ఆ దారి పట్టే గుర్రపు రౌతుల్లో చాలామంది పిల్లలే. వాళ్లు ఉన్నంతకాలం అది ముగియదు.