సుత్తి పట్టే ముందు అడుగుదాం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు ఆ సామెతకు మూడో ముక్క కూడా చేర్చుకోవాలి.. పాత ఇల్లు కొని చూడు! ఏళ్ల తరబడి అద్దె కొంపల్లో గడిపి, పైసా పైసా కూడబెట్టి, మార్ట్‌గేజ్ తెచ్చుకుని ఓ ఎర్ర ఇటుకల ఇల్లు కొంటారు. చలికాలం వచ్చేసరికి కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంది. తెలిసిన బిల్డర్‌ని పిలిచి చెక్క కిటికీలు పీకించేసి, ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్ పెట్టిస్తారు. కొన్నాళ్లకు కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తుంది. మీది లిస్టెడ్ బిల్డింగ్, అనుమతి లేకుండా మార్చారు, కిటికీలు మళ్లీ మొదట్లో ఉన్నట్టు చేయండి అని. పీకేసిన కిటికీలు అప్పటికే చెత్తలో కలిసిపోయి ఉంటాయి.

మా ఇల్లు, మా డబ్బు, మధ్యలో వీళ్లెవరు అనిపించడం సహజమే. కానీ చట్టం అలా అనుకోదు. లిస్టెడ్ భవనం ప్రత్యేకత మీద ప్రభావం చూపే ఏ మార్పుకైనా ముందుగా 'లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్' తీసుకోవాలని ఇంగ్లండ్‌లో 1990 నాటి చట్టం చెబుతోంది. ఇది మామూలు ప్లానింగ్ పర్మిషన్‌కు అదనం. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. అనుమతి లేకుండా పని చేయించడం క్రిమినల్ నేరం. రెండేళ్ల దాకా జైలు, పరిమితి లేని జరిమానా పడొచ్చు. లిస్టులో ఉందని మాకు తెలీదండీ అంటే చెల్లదు. పైగా ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసుకు కాలపరిమితి లేదు. మీకు ఇల్లు అమ్మినాయన ఎప్పుడో చేసిన మార్పును సరిచేయమని ఇవాళ మీకు నోటీసు రావచ్చు. తప్పు ఆయనది, ఖర్చు మనది!

మనవాళ్లలో రెండు అపోహలు బలంగా ఉన్నాయి. మొదటిది, గ్రేడ్ 2 అంటే పెద్ద లెక్కలోది కాదని, వీధి వైపు గోడ ముట్టుకోకపోతే చాలని. ఇంగ్లండ్ జాబితాలో తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2 కట్టడాలే. కన్సెంట్ నిబంధన అన్ని గ్రేడ్లకూ ఒకటే. లోపలి మెట్లు, తలుపులు, ఫైర్‌ప్లేస్, పైకప్పు నగిషీ అన్నీ అందులోకే వస్తాయి. 1948 జులై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న గోడలు, కొట్టాలు కూడా సాధారణంగా దాని కిందికే వస్తాయి.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. లిస్టయిన ఇంట్లో మేకు కొట్టడానికి కూడా లేదని భయపడటం. ఇదీ నిజం కాదు. పాడైనదాన్ని అదే పదార్థంతో, అదే తీరులో బాగుచేసుకుంటే చాలావరకు కన్సెంట్ అక్కర్లేదు. చెక్క మందిరం కొని తెచ్చి గది మూల పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. దేవుడి గూడు కోసం పాత ఫైర్‌ప్లేస్ పీకేస్తేనే తంటా. తాలింపు పొగ పోవడానికి గోడకు కన్నం పెట్టినా ముందు అడగాల్సిందే. చలి సంగతికొస్తే, చెక్క కిటికీని అలాగే ఉంచి లోపలి వైపు మరో అద్దం బిగించే పద్ధతికి కౌన్సిళ్లు చాలాచోట్ల ఒప్పుకుంటున్నాయి. లండన్‌లోని కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్ 2022లో ఒక ఉత్తర్వు ఇచ్చి, షరతులకు లోబడితే చాలా లిస్టెడ్ ఇళ్లపై విడిగా కన్సెంట్ లేకుండానే సోలార్ పలకలు పెట్టుకునే వీలు కల్పించింది. అడిగే తీరులో అడిగితే దారులున్నాయి.

ఇంటి సంగతి ఒక కుటుంబం కష్టం. మాకు అంతకన్నా ఎక్కువ దిగులు మన సంఘాల గురించి. మూతపడిన చర్చినో, పాత స్కూలునో కొని గుడిగానో, తెలుగు బడిగానో, పండగల హాలుగానో మార్చుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ జరిగేదేమిటి? ముందు చందాలు, తర్వాత రిజిస్ట్రేషన్, ఆ తర్వాత భూమిపూజ, అన్నీ అయ్యాక ఆర్కిటెక్ట్! బెంచీలు తీసేయాలి, గర్భగుడి కట్టాలి, వంటశాల పెట్టాలి అని పట్టిక తీసుకెళ్తే అప్పుడు తెలుస్తుంది, ఆ బెంచీలూ లిస్టింగ్‌లో భాగమేనని. సభ్యులు కష్టపడి ఇచ్చిన డబ్బు తాళం వేసిన భవనంలో ఇరుక్కుపోతుంది.

పక్క వీధి చర్చి వాళ్లు కౌన్సిల్ ముఖం చూడకుండానే లోపల మార్పులు చేసుకుంటారు, మనకెందుకు ఈ బాధ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చర్చి ఆఫ్ ఇంగ్లండ్ సహా కొన్ని క్రైస్తవ శాఖలకు ఈ కన్సెంట్ నుంచి మినహాయింపు ఉంది. అయితే వాళ్లు ఊరికే తప్పించుకోవడం లేదు. దానికి సమానమైన పరిశీలన సొంత వ్యవస్థలో చేసుకుంటారన్న షరతు మీదే ఆ మినహాయింపు. ఆ భవనం మన చేతికి వచ్చాక మినహాయింపు మాత్రం రాదు. గుడి కోసమైనా కౌన్సిల్‌నే అడగాలి.

అలాగని మన చేతులు కట్టేసినట్టు కాదు. భవనానికి కలిగే నష్టాన్ని, ప్రజలకు కలిగే మేలును తూకం వేసి చూడాలని జాతీయ ప్లానింగ్ విధానమే చెబుతోంది. ఖాళీగా పడి కప్పు కారుతున్న చర్చిలో మళ్లీ దీపం వెలగడం, పిల్లలకు పాఠాలు, పెద్దలకు ఓ కూడలి.. ఇవన్నీ ఆ తూకంలో మన వైపు పడే రాళ్లే. కాకపోతే కాగితం మీద రాసి చూపించాలి. భవనంలో విశేషమేమిటో మనకు తెలుసునని, మన మార్పును రేపు విప్పేసినా పాత గోడకు గాయం కాదని నిరూపించాలి. గోడలో కలిపి కట్టే గర్భగుడి కన్నా విడిగా నిలబడే మండపానికి ఒప్పించడం తేలిక.

కాబట్టి సంఘాలకు మా మనవి ఇదే. బయానా ఇచ్చే ముందే జాబితాలో పేరుందేమో చూడండి. అది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. పాత మార్పులకు కన్సెంట్ కాగితాలున్నాయో లేదో సొలిసిటర్‌ని అడగండి. పాత కట్టడాలు తెలిసిన ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుని, కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌తో ముందే మాట్లాడండి. లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ దరఖాస్తుకు ఫీజు లేదు. ముందస్తు సలహాకు కౌన్సిల్ కొంత తీసుకున్నా, తర్వాత పడే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

కౌన్సిళ్లకూ ఒక మాట. ఎనిమిది వారాల్లో తేల్చాల్సిన దరఖాస్తులు నెలల తరబడి నానితే, అడిగి చేద్దామనుకున్నవాడు కూడా అడగకుండా చేయడం నేర్చుకుంటాడు. కొత్తగా వచ్చిన వర్గాలకు నిబంధనలు విడమరచి చెప్పడం కూడా వారసత్వ రక్షణే.

ఈ నిబంధనల విలువ మనకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలకు అండగా ఉన్న 1981 నాటి 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చాక కూడా ఎర్రమంజిల్ నిలబడాలంటే 2019లో హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. అక్కడ పాత కట్టడం కూలుతుందంటే ఇక్కడి నుంచి బాధపడే మనం, ఇక్కడి పాత గోడ దగ్గరికి వచ్చేసరికి సుత్తి పట్టుకుంటే ఎలా? ముందు అడుగుదాం. కాస్త ఆలస్యమైనా, కట్టుకున్నది నిలుస్తుంది.