చేతిలో ఎప్పుడూ ఉండే పని

2009 విద్యాహక్కు చట్టం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులనే నిర్దేశించినందున, ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం పల్లె బడులలో మామూలైపోయింది. రెండో తరగతికి కూడికలు చెబుతున్నంతసేపు నాలుగో తరగతి ఏం చేయాలన్నదే అసలు చిక్కు. దీనికి విరుగుడు నిరంతర స్వతంత్ర అభ్యాసం, అనగా విద్యార్థి తనంతట తానే చేపట్టి, ఆపిన చోటి నుంచి మరునాడు కొనసాగించగల పని. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ విద్యాసంస్థ రూపొందించిన పద్ధతిలో, నేర్చుకోవలసినవాటిని మెట్లుగా చూపే ‘అభ్యసన నిచ్చెన’ను చూసుకొని, తన మెట్టుకు తగిన బొమ్మ గుర్తున్న కార్డును పిల్లవాడే తీసుకుంటాడు; ఈ కార్డుల్లో కొన్ని ఉపాధ్యాయుని సాయంతో, కొన్ని తోటివారితో, మరికొన్ని ఒంటరిగా చేయవలసినవి. పాఠాన్ని చూసి రాయించడాన్ని కూడా స్వతంత్ర అభ్యాసం కోవలోనే చేర్చే అలవాటు ఉంది గాని, అది గదిలో గోల అణచే ఉపాయమే. పూర్తయిన పనిని ఎవరు, ఎప్పుడు సరిచూడాలన్న ప్రశ్న దగ్గరే ఈ సంచిక వ్యాసాలు ఎక్కువసేపు నిలుస్తాయి.