బోడి ఎలుక పేరిట బేరాలు

‘క్యాన్సర్ సోకని, ముసలితనం రాని ఎలుక’ అన్న వార్త మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. దాని అడుగున ఏదో ఒక మాత్ర ప్రకటన కూడా చూసే ఉంటారు. ఆ జంతువు మీద నాకు ఎనలేని గౌరవం. ప్రకటన మీద మాత్రం ఇసుమంతైనా లేదు.

నేకెడ్ మోల్ ర్యాట్ ఒంటిమీద బొచ్చు దాదాపు లేని చిన్న జీవి. ఇథియోపియా, కెన్యా, సోమాలియా నేలల కింద సొరంగాల్లో బతుకుతుంది. తేనెటీగలలో వలెనే రాణి ఒక్కతే పిల్లలను కంటుంది, తక్కినవి చాకిరీ చేస్తాయి. చిట్టెలుక మూడు నాలుగేళ్లకు మించి బతకడం అరుదు. ఇది ముప్పై ఏళ్లు దాటుతుంది. మనిషికి యౌవనం గడిచాక మరణావకాశం సుమారు ఎనిమిదేళ్లకొకసారి రెట్టింపవుతుంది. 3,000కు పైగా ఎలుకల వివరాలతో 2018లో వెలువడిన అధ్యయనంలో అటువంటి పెరుగుదలే కనబడలేదు. (డెబ్భై దాటిన నావంటివాడికి అసూయ కలగదా!)

ప్రాణవాయువు బొత్తిగా లేకున్నా ఇది 18 నిమిషాలు తట్టుకోగలదని 2017లో తేలింది. అప్పుడు దాని గుండె, మెదడు గ్లూకోజుకు బదులు ఫ్రక్టోజుతో శక్తిని పుట్టించుకుంటాయి. పక్షవాతంలో, గుండెపోటులో మన కణాలు చచ్చేది ప్రాణవాయువు అందకనే కదా! నన్నడిగితే పతాక శీర్షిక కావలసింది ఇదే. కానీ ఇందులో అమ్ముకోవడానికి మాత్ర లేదు.

ఇక క్యాన్సర్. ఈ ఎలుక కణజాలంలోని హయలురోనిక్ ఆమ్లపు అణువులు మనవాటికంటే అయిదు రెట్లకు పైగా పెద్దవనీ, కణాలు అదుపు తప్పకుండా అవి కాపాడుతున్నాయనీ 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. వ్యాపారులు పట్టుకున్నది ఈ కొసనే. అయ్యా, మింగిన అణువు పేగుల్లో ముక్కలైపోతుంది. మీ కణజాలంలో చేరి ఎలుక అణువుగా అవతరించదు. పైగా 2016లో జంతు ప్రదర్శనశాలల్లో ఉన్న ఈ ఎలుకల్లోనే క్యాన్సర్ కనబడింది. 2020లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు క్యాన్సర్ కారక జన్యువులను చొప్పించి వీటి కణాలనూ క్యాన్సర్ కణాలుగా మార్చగలిగారు. ‘సోకదు’ అన్న మాట అక్కడితో చెల్లిపోయింది. ‘అరుదుగా సోకుతుంది, ఎందుచేత?’ అన్న ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నే విలువైనది. ఎలుకల మీద ఇంత ఖర్చా అని వెక్కిరించేవారికి కూడా నా సమాధానం అదే.

2023లో ఆ ఎలుక జన్యువును చిట్టెలుకల్లో ప్రవేశపెట్టి చూశారు. మధ్యగత ఆయుష్షు 4.4 శాతం పెరిగింది. అదీ పుట్టుకతోనే జన్యువును మార్చితే. సీసాలోని మాత్రతో కాదు.

మాత్ర అమ్మేవారిని అడగండి: దీన్ని ఎందరు మనుషుల మీద, ఎన్నేళ్లు పరీక్షించారు? రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తల్లి ఆ సీసా ముగిసేదాకా ఆగితే, ఆ మూడు నెలలు ఆమెకు తిరిగి ఇచ్చేదెవరు?