భరణి కార్తెలో చుక్కలు రాలే వేళ

కోనసీమలోని ఉప్పలగుప్తం మండలంలో తెల్లవారుజామున మూడింటికి మేలుకుని ఉండేవాళ్లకు కొదవలేదు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారబోయే ముందే. ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ కాపలావాళ్లు గట్ల మీద తిరుగుతుంటారు. ఏటా మే మొదటి వారంలో, సరిగ్గా అదే వేళకు, వాళ్ల తల మీదుగా హేలీ తోకచుక్క వదిలిన ధూళి మండుతూ దూసుకుపోతుంది. ఆ కబురు మాత్రం గట్టు దాకా రాదు.

టీవీల్లో వచ్చేది వేరు. 'నేడు ఉల్కల వర్షం, గంటకు 50' అంటారు. పిల్లలు రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి, అరగంట మెడలు నొప్పెట్టేలా చూసి, ఒక్కటీ కనబడక దిగిపోతారు. ఆ 50 అనేది ఉల్కలు వెలువడే చోటు నడినెత్తిన ఉండి, ఆకాశం కటిక చీకటిగా ఉన్నప్పటి లెక్క. ఈటా అక్వేరిడ్లనే ఈ ఉల్కలు కుంభరాశి వైపు నుంచి వస్తాయి. కోనసీమలో ఆ చోటు తూర్పున పొడిచేసరికే రాత్రి ఒకటిన్నర దాటుతుంది. మూడు నుంచి నాలుగుంబావు దాకానే అసలు సమయం. పది పదిహేను కనిపిస్తే మంచి పంటే. లండన్‌లో ఉన్నవాళ్లకు ఆ భాగ్యమూ తక్కువే. అక్కడ అది పైకి వచ్చేలోపే తెల్లారిపోతుంది.

వీటి వేగం సెకనుకు 66 కిలోమీటర్లు. ఇసుక రేణువంతది వంద కిలోమీటర్ల ఎత్తున మండిపోతుంది. కొన్నిటి వెనక సన్నటి వెలుగు జాడ రెండు మూడు సెకన్లు నిలిచి, మసకబారి, చెదిరిపోతుంది.

దీనికంటే ముందు, అశ్విని కార్తెలో, ఏప్రిల్ 22 ప్రాంతంలో లైరిడ్లు వస్తాయి. అభిజిత్ నక్షత్రం పక్క నుంచి రాలే వీటిని చైనీయులు క్రీ.పూ. 687లోనే రాసి పెట్టారు. మే 9, 10 తేదీల్లో ఈటా లైరిడ్లు మరీ చిన్నవి, గంటకు మూడే. అయినా వాటి తల్లి తోకచుక్క 1983 మేలో భూమికి అర కోటి కిలోమీటర్ల లోపు దూరంలో దాటి వెళ్లింది. ఆ మూడింటి కోసం మేలుకోవడం దండగ కాదు.

అడ్డల్లా వెలుతురే. చెరువుల దగ్గర లైట్లు గట్టును చూపించాలి గానీ ఆకాశాన్ని కాదు. పైన రేకు డొప్ప ఒకటి బిగిస్తే కాంతి కిందికే పడుతుంది, కాపలాకు లోటుండదు. సముద్రపొడ్డున గుడ్లలోంచి బయటికొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు లైట్ల వైపు దారి తప్పకుండానూ ఉంటాయి. ఇది పంచాయతీలు పట్టించుకోవాల్సిన పని.

2027 మే 6న అమావాస్య. ఈటా అక్వేరిడ్లు ముమ్మరంగా ఉండే రోజులూ అవే. బడులకు వేసవి సెలవులు కూడా. ఈ మండలంలోనే ఉన్న ఎస్.యానాం ఒడ్డున సరుగుడు తోటలు దాటి, సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు ఆగాలి. టెలిస్కోపు అక్కర్లేదు. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా చూశారో, ఎన్ని రాలాయో కాగితం మీద రాసుకుంటే చాలు. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ ఉల్కల సంస్థ అలాంటి లెక్కలను ఎవరి దగ్గర నుంచైనా తీసుకుంటుంది. గంటసేపు చూసినా ఒక్కటీ కనబడకపోతే, ఆ సున్నా కూడా పంపవచ్చు.